బెల్టు మీద రెండో రాయి

తమ్ముడు దానియేలుకు,

ఆ రోజు గనిలో బొగ్గు బెల్టు దగ్గర నేను నిద్రపోలేదు. ఇరవై ఏళ్లుగా కడుపులో పెట్టుకున్న మాట, అందుకే ముందు రాశాను. ఇప్పుడు క్షేమం అడుగుతాను. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మరదలికి బీపీ తగ్గిందా? ప్రభువు దయతో మేం బాగున్నాం, ఫికర్ చేయకు.

పుణెలో బిడ్డ ఇంటికి వచ్చి మూడు నెలలైంది. వాన విడవడం లేదు. పక్కింటివాళ్లు పంపే పప్పులో బెల్లం ఉంటుంది, మింగుడు పడదు. చర్చిలో పాటలూ మరాఠీలోనే. ఇల్లు దాటితే మన మాట మాట్లాడేవాడు ఒక్కడూ లేడు.

మొన్న మనవరాలు రూతు తన కాలేజీకి తీసుకుపోయింది. మనిషి చూపు మీద చదువుతోంది. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. చెట్టు, కుర్చీ, గిన్నె, ఇల్లు, బొమ్మలు రెప్ప వేసేలోపు మారిపోతాయి. మధ్యలో ఆవు, కుక్క వస్తే చెప్పాలి. అరగంట చూశాను. కుర్రవాళ్లు ఆవలించారు, నేను ఆవలించలేదు. బొగ్గులో రాళ్లేరిన కన్ను ఇది. కానీ ఆవును పట్టిన ప్రతిసారీ, వెంటనే వచ్చిన కుక్క తప్పిపోయింది. కుక్క రానేలేదని కొట్లాడాను. రూతు ఆ బొమ్మలనే మెల్లగా మళ్లీ తిప్పి చూపింది. ఉంది.

"కండ్లు తెరిచే ఉన్నయ్ తాతా. మనసు ఇంకా ఆవు కాడనే ఉన్నది. గిది అందరికి గంతే" అంది.

నాకు మన బెల్టు యాదికొచ్చింది. ఒకరు రాయి పట్టి కేకేస్తే దాని వెనకది పక్కవాడిది, అదే కదా మన పద్ధతి. ఆ రోజు నేను పట్టి కేకేశాను. తర్వాత వచ్చినదొకటి తప్పిపోయి మిషన్‌లో పడింది, పని ఆగింది. సూపర్‌వైజర్ అడిగితే "మా అన్న కునుకు తీసిండు సార్" అన్నావు. నీది కొత్త నౌకరి, పోతుందని నోరు మూసుకున్నాను. నన్ను బెల్టు పని నుంచి తీసేసి నా చేతికి చీపురు ఇచ్చారు. నువ్వే నిద్రపోయావని ఇన్నేళ్లూ అనుకున్నాను.

మొన్నే గుర్తొచ్చింది, మిషన్ ఆగేసరికి నీ చేతిలోనూ ఒక రాయి ఉంది. దాన్ని పట్టావు గనుకే దాని వెనకది నీకు కనబడలేదు. నువ్వూ నిద్రపోలేదురా.

నీ పిల్లలు నన్ను ఇప్పటికీ కునుకు పెద్దబాపు అంటారు. నవ్వుతాను గానీ గుచ్చుకుంటుంది. వాళ్లను కూర్చోబెట్టి జరిగింది నీ నోటితో చెప్పు.

జర పచ్చిమిర్చి తొక్కు పంపు. సంఘ పెద్దలకు నా వందనాలు, నా కోసం ప్రార్థించమను. నీకూ మరదలికీ పిల్లలకూ నా దీవెనలు.

వచ్చే నెల మొదటి ఆదివారం లోపు, చెప్పానని జాబు పంపు. పిల్లల చేత రాయించకు. నీ చేతిరాతే కావాలి.

నీ అన్న
సమూయేలు