ఎవరి కోసం వచ్చేవు

అనకాపల్లి, 1943 శ్రావణం, మంగళవారం రాత్రి.

కలరా మందులు పంచడానికి మా సేవాసంఘంలో నేనొక్కడినే మిగిలాను. ఈ రోజు ఎండకు కళ్లు తిరిగి, బెల్లం మార్కెట్టు వెనక ఎవరిదో అరుగు మీద కూర్చున్నాను. ఇంటావిడ తలుపు సందులోంచి చూసింది.

"మా ఇంట్లో ఎవులికీ రోగం లేదు తాతా! ఎవులి కోసం వచ్చేవు?"

"మంచినీల్ల కోసం వచ్చేనే! నన్ను యముడనుకున్నావేటి?"

"నువ్వు కూకున్న పెతి అరుగు మీంచీ పాడె లేత్తంది."

రోగమున్న ఇంటికే కదా నేను వెళ్లేది! ఆ మాట అనబోతుంటే లోపల ఎవరో వాంతి చేసుకున్నారు. ఆవిడ గడియ పెట్టేసింది.

తలుపు తోసుకుని వెళ్లడం నాకు చేతకాక కాదు. వెళ్తే నిజంగా యముణ్ణే అవుతాను. మందు సీసా గుమ్మంలో పెట్టి, ఎలా తాగించాలో అరిచి చెప్పి లేచాను. వీధి చివర తిరిగి చూస్తే, ఆవిడ సీసాను తాకకుండా, నేను కూర్చున్న చోట పసుపునీళ్లు చల్లుతోంది.

రేపు మళ్లీ వెళ్లాలి. కానీ పోయినవాళ్ల అరుగులే గుర్తొస్తున్నాయి. అన్నిటి మీదా కూర్చున్నాను...