ఫైకస్ జోలికి వెళ్ళను

1వ తేదీ, ఉదయం 6
ఫోనులో అందరి ఆరోగ్యమూ కనుక్కున్నాను. అమ్మాయికి నడుము నొప్పి తగ్గింది. అల్లుడికి దగ్గు, పొడిదేనట. మనవరాలికి పన్ను కదులుతోంది. మా ఆయన మోకాలు ఎప్పటిలాగే. ఇల్లు మారుతూ అమ్మాయి మా దగ్గర వదిలిన కుండీలోని ఫైకస్ చెట్టు మాత్రం నిన్న పదకొండు ఆకులు రాల్చింది.

"అమ్మా, నీ చాదస్తమే దాన్ని చంపుతోంది. దాని మానాన దాన్ని వదిలెయ్. అది కోలుకుంటే సెలవుల్లో పిల్లని నీ దగ్గర ఉంచుతా" అంది.

ఒట్టు! ఆదివారం ఒక్క గ్లాసు నీళ్ళు. అంతే. ముట్టుకోను, జరపను.

2
ముట్టుకోలేదు! చూశాను. ఇరవైసార్లు. చూస్తే తప్పేముంది?

4, మధ్యాహ్నం 2
పాపం, ఎండ మొహాన కొడుతోంది. జానెడు జరిపాను.
3 గంటలు: మరీ చీకటైపోయిందేమో. వెనక్కి జరిపాను.

7, ఆదివారం
ఒక గ్లాసు. గ్లాసు చిన్నది, ఇంకోటి. ఆయన వచ్చి, "అయ్యో, పొద్దున్నే నేను పోశానే!" అన్నారు.
"మిమ్మల్నెవరు పొయ్యమన్నారు?"
"నువ్వు మర్చిపోతావేమోనని."
నేను! మర్చిపోవడం!

10
ఆకుల మీద దుమ్ము. ఊపిరాడొద్దూ? తడిగుడ్డతో తుడిచాను. తుడిచినవి తుడిచినట్టే చేతిలోకి వచ్చాయి. పద్నాలుగు.

13
మొక్కలమ్మే ఆయన్ని పిలిపించాను. మట్టిలో వేలు పెట్టి చూశాడు. "దీనికి ఒకటే మందు పెద్దమ్మా. మీరు ఓ నెల ఊరెళ్ళండి."

20
రేపు అమ్మాయితో వీడియో ఫోను. కొమ్మలన్నీ బోడి. రాలిన ఆకులు డబ్బాలో దాచే ఉంచాను. నలభై ఏళ్ళు జాకెట్లు కుట్టినదాన్ని, ఆకు కుట్టలేనా? ఆకుపచ్చ దారం, రెండు పేటలు. నిజంగా బాగా కుదిరింది.

21, ఆదివారం
అంతా బాగానే ఉంది, ఆయన ఉక్కగా ఉందని ఫ్యాను వేసేదాకా. ఆకులన్నీ దారాల మీద గిరగిరా!
"అమ్మమ్మా, చెట్టుకి కుట్లు వేశావా?"
అమ్మాయి ఫోనుకి దగ్గరగా వంగింది. "గోడవైపు ఏముందది? దాన్ని ఇటు తిప్పమ్మా" అంది.
తిప్పాను. గోడవైపు, నా చెయ్యి అందని కొమ్మకి, రెండు లేత చిగుళ్ళు!
"చూశావా?"
చూశాను.
"నాకూ కుట్టడం నేర్పుతావా అమ్మమ్మా?"
అమ్మాయి నవ్వేసింది. "సరే, తీసుకొస్తా. ముందు రెండు రోజులే. చూద్దాం."

22, ఉదయం 6
దారాలు కత్తిరించేశాను. మళ్ళీ మొదలు. ఈసారి నిజంగానే ముట్టుకోను. పిల్ల పన్ను ఊడిందేమోనని మాత్రం నాలుగుసార్లు ఫోను చేశాను. అది చెట్టు కాదుగా!

అమ్మాయీ పిల్లా 28, ఆదివారం పొద్దున పదింటికి వస్తున్నారు.