చనిపోయే సీన్‌లో అందించిన మాట

సుధా,

నువ్వు పోయాక ఇవాళే మొదటిసారి సినిమా చూశాను. నేనుండే గంగాలిన్‌లో ట్రామ్ ఎక్కి సిటీకి వెళ్లాను. మనం కాన్వెంట్ యానివర్సరీకి వేసిన ప్రేమ నాటకాన్నే ఫ్రెంచివాళ్లు పాతకాలపు దుస్తులతో తీశారు. హీరోది నిజం మీసమే, హీరో వేషంలో నీదిలా కాటుకతో దిద్దింది కాదు.

ఆ రోజు స్టేజీ మీద చనిపోయే సీన్‌లో నువ్వు మాట మరిచిపోయావు. నేను తెర వెనక నుంచి అందిస్తుంటే, "గట్టిగా చెప్పవే, వినపడి చావట్లేదు!" అని అరిచావు. సిస్టర్ కూడా నవ్వింది.

ఇవాళ హీరో సరిగ్గా అక్కడే ఆగాడు. నాకు తెలియకుండానే ఆ మాట తెలుగులో అందించాను. గట్టిగానే. పక్క సీటులోని పెద్దావిడ నా చేయి తట్టి, "యూ ఆల్రైట్, లవ్?" అంది. తల ఊపాను.

అతను నా వైపు చూడలేదు. తన మాట తానే చెప్పుకుని చనిపోయాడు.