దర్శిని రాసిన ఫైలు

ధర్మపురి,
మంగళవారం.

అమ్మాయీ దర్శినీ,

నీవూ మీ ఆయన తమిళ్‌సెల్వనూ సేలంలో కుశలమని తలుస్తాను. నీవు లేని వంటిల్లు నాకు ఇంకా అలవాటు కాలేదు. ఇది మీ అన్నకు తెలియకుండా రాస్తున్నాను.

మన చింతపండు మండీకి కొత్త కంప్యూటర్ వచ్చింది. రోజూ ధరల చీటీ అచ్చు వేయడానికి నీవు రాసిపెట్టిన ఫైలును మీ అన్న అందులో నొక్కితే చీటీ రాలేదు. నీవు టైపు చేసిన వరసలే తెర నిండా పరుచుకున్నాయి. వాటి మధ్యలో “అన్నా, కాఫీ తాగినావా?” అని ఉంది. రోజూ చీటీ పైన వచ్చే మాటే అయినా, ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

రిపేరుకు వచ్చిన ఆనంద్‌బాబు చూసి చెప్పాడు.

“దీన్ని ఏ ప్రోగ్రాంతో నడపాలో సిస్టానికి చెప్పే మొదటి వరస బాగానే ఉందన్నా. పాత కంప్యూటర్ నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చినారు గదా, అప్పుడు ఫైలుకున్న నడిపే అనుమతి పోయింది, అందుకే నడవకుండా రాసిందే చూపిస్తోంది. ఇది తీసేసి కొత్తది రాసిస్తాను.”

“తీయొద్దప్పా” అన్నారు మీ అన్న. “మా దర్శిని రాసిన ఫైలు అది. దానికే అనుమతి ఇయ్యి.”

నీ ఇష్టంతో పెళ్ళి చేసుకుని నీవు వెళ్ళాక ఆయన నోట నీ పేరు వినడం ఇదే మొదలు. నేను లోపలికి పోయి కళ్ళు తుడుచుకున్నాను.

చీటీ వచ్చింది. మధ్యాహ్నం అన్నం తింటూ, నా వైపు చూడకుండా, “సేలం రైలు మన బొమ్మిడి స్టేషన్‌లో ఎన్ని గంటలకు నిలుస్తుందో?” అని అడిగారు.

నాకు తెలియదన్నాను. నీవే వచ్చి చెప్పు.

నీ వదిన