కొనేవాళ్ళు అడిగే మాట

చోడవరం,
10-10-1999.

చి.సౌ. మహతికి,

అక్క లక్ష్మీసుందరి ఆశీస్సులు. ఇక్కడ మీ బావ, అత్తయ్య, హిమబిందు, నేను బాగానే ఉన్నాం. నువ్వూ, మరిదిగారూ, పిల్లలూ కులాసా అని తలుస్తాను. వానలు తగ్గాయి. ఫ్యాక్టరీ రోడ్డు మళ్ళీ గుంతలు పడింది.

మొన్న ఫోన్లో పొడిపొడిగా మాట్లాడానని నిష్ఠూరమాడావు. పక్కన అత్తయ్య ఉన్నారు, చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను. మీ ఆయన మాకు ద్రోహం చేశారని నా అనుమానం.

కిందటేడు మా పెనాల షెడ్డుకి ఇంటర్నెట్లో ఒక పేజీ పెడతానని మరిదిగారే ముందుకొచ్చారు. చెరకు రసం కాచే పెనాలు కావలసినవాళ్ళు కంప్యూటర్లో ఒకటి రెండు మాటలు కొట్టి వెతుకుతారట. ఆ మాటలు మన పేజీకి తగిలించి ఉంటేనే మనది కనిపిస్తుందట. బోర్డు మీదున్న శ్రీగౌరీ ఇంజనీరింగ్ వర్క్స్ అని కొత్తవాళ్ళెవరూ వెతకరన్నారు. ఇనుము అని పెడితే వేల పేజీల్లో మనది ములిగిపోతుందన్నారు. "మీరు రాసుకునే మాట కాదు వదినగారూ, కొనేవాళ్ళు నోటితో అడిగే మాట చెప్పండి," అన్నారు.

నా సంగతి నీకు తెలుసు, ఒప్పుకున్న పని అరకొరగా చెయ్యను. వారం రోజులు షెడ్డు గుమ్మం పక్కన బియ్యం ఏరుకుంటూ కూర్చుని, దేవరాపల్లి నుంచీ మాడుగుల నుంచీ వచ్చిన రైతులు ఏమని అడుగుతున్నారో విన్నాను. బెల్లం పెనం, రసం కాచే పెనం, మందపు రేకు పెనం, చోడవరం పెనం. మరిదిగారు వచ్చినప్పుడు అత్తయ్య ఎదుటే ఒక్కొక్కటీ చెప్పాను. ఆయన వాటిని ఇంగ్లీషులోకి మార్చుకున్నారు.

కిందటి నెల మండ్య నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. మామయ్యగారి పేరుతోనే మన పెనాలు అంతదూరం తెలుసు కదా. ఆయన ఆ పేరు కంప్యూటర్లో కొడితే వడ్డాదిలో బంగార్రాజు షెడ్డు పేజీ వచ్చిందట. నేరుగా అక్కడికే వెళ్ళి లారీకి సరిపడా పెనాలకి ఆర్డరిచ్చి, తిరిగి వెళ్తూ టీ కోసం మన షెడ్డు దగ్గర ఆగారు. అసలు షెడ్డు ఇదేనని అప్పుడు తెలిసి చాలా నొచ్చుకున్నారు.

బంగార్రాజు మామయ్యగారి దగ్గర పని నేర్చినవాడు. అతనికి పేజీ ఎవరు చేశారని ఆరా తీస్తే మీ ఆయనేనని తేలింది. ఆ మాట మాకెందుకు చెప్పలేదు?

హిమబిందును వెంటబెట్టుకుని విశాఖపట్నంలో ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళాను. అంత దూరం వచ్చి మీ గడప తొక్కకుండా తిరిగొచ్చానంటే నా మనసు ఎలా ఉందో చూసుకో. నేను చెప్పిన మాటలు కొట్టిస్తే మన పేజీ వచ్చింది. తాతగారి పేరు పిల్ల కొడితే మాత్రం బంగార్రాజుదే.

వడ్డాది సంతలో అతన్ని నిలదీశాను. "నాకు పని నేర్పిన గురువు పేరు సెప్పుకుంటే తప్పేటి వదినమ్మా? ఏ మాటలు తగిలించాలని మీ మరిది కేదార్ బాబు అడిగేరు, సెప్పేను," అన్నాడు. తడుముకోలేదు. ముందే కూడబలుక్కున్న జవాబులా ఉంది. మరిదిగారికి ఫోను చేసి, మా వైపు ఇంకెవరికైనా పేజీలు చేశారా అంటే, చేశానని నవ్వేసి కరెంటు కోత సంగతిలోకి వెళ్ళిపోయారు. వరలక్ష్మీ వ్రతానికి కొత్త మోటారు సైకిలు మీద వచ్చారు. అదెలా వచ్చిందని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను.

దీపావళి వెళితే చెరకు గానుగలు మొదలవుతాయి. పెనాలు కొనే రోజులివి, మా షెడ్డులో సుత్తి చప్పుడు లేదు. మీ బావ రేపు పొద్దున్న బస్సుకి ఈ ఉత్తరం తీసుకుని వస్తారు. పేజీ తీసెయ్యమని, ఇక రాకపోకలు వద్దని మరిదిగారితో తేల్చి చెబుతారు. దసరాకి నిన్ను పిలవలేను. ఆయన్ని వదిలి ఒక్కదానివే రమ్మనడం న్యాయం కాదు. ఒక్కటే అడుగుతున్నాను. ఇది నీకు ముందే తెలుసా? తెలియదని రాస్తే నమ్ముతాను.

ఇట్లు,
నీ అక్క,
లక్ష్మీసుందరి.

తా.క.: అంటించే ముందు ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. నేను మాటలు చెప్పిన చోట ఆపమన్నారు. "షెడ్డుకొచ్చిన పెతివోడూ ముందు మీ మామయ్య పేరే కదా అంటాడు. అది సెప్పేవేటి?" అన్నారు. కోడల్ని, ఆయన పేరు నేనెలా చెబుతానన్నాను. దానికి అత్తయ్య, "నేనూ అక్కడే ఉన్నాను. నేనూ సెప్పలేదు," అన్నారు.

ఆయన పేరే ఉన్న కొండ ఊరికి బస్సెక్కినా అత్తయ్య కండక్టరుకి మెట్లకొండ అనే చెబుతారు. నేనూ ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ అంతే. గుమ్మం పక్కన కూర్చున్న వారం రోజులూ ఆ పేరు చెవిన పడుతూనే ఉంది, నోటిదాకా రాలేదు. రాలేదని కూడా తెలియలేదు. మామయ్యగారు పోయాక మీ పెళ్ళయింది. విజయనగరం మనిషి, మరిదిగారికి బోర్డు మీది పేరే తెలుసు. బంగార్రాజు చెప్పిన గురువు ఎవరో ఆయనకేం తెలుసు?

బావ రేపు వచ్చేది తగవుకి కాదు, ఈ ఉత్తరం ఇవ్వడానికే. పై ఉత్తరం చింపలేదు. మీ ఆయన గురించి నేనేం అనుకున్నానో నీకు తెలియాలి. కోప్పడవలసినంత కోప్పడు. తరవాత దసరాకి అందరూ రండి.

మన పేజీకి ఒక మాట చేర్చమని మరిదిగారితో చెప్పు. బావ చెప్పగలరు, కాని వదిలేసింది నేను కనక నేనే రాస్తున్నాను. పద్మనాభం పెనం. రాస్తుంటే అత్తయ్య అటు తిరిగి కూర్చున్నారు.