పేరు లేని సొరుగులు

బెంగళూరు,
14-6-2004

పెరియంపట్టి మారెప్ప తాతకు, మనవరాలు మోహనప్రియ నమస్కారాలు.

మీ కొండవాలు తోటలో ఆకుమందుల ఇల్లు కట్టే పని ట్రస్టువాళ్ళు మా ఆఫీసుకే ఇచ్చారు. ప్లాను గీయడం నా వంతు. ఇది నా మొదటి ఇల్లు. అంతా చెక్కే. తోటలో ఒక్క చెట్టూ కొట్టం. లోపల నలభై సొరుగులు. ఒక్కోదాని మీద మందు పేరు చెక్కిస్తాను. పేర్లన్నీ రాసి పంపండి. అవి లేకపోతే మా జయరామన్ సార్ పనిని నా పక్క బల్ల సెల్వకుమార్‌కు ఇచ్చేస్తారు. అతను సిమెంటుతో కడతాడు.

మీ మోహనప్రియ

తా.క. నలభై చాలకపోతే ఇంకో పది పెడతాను.

*

పెరియంపట్టి,
22-6-2004

పాపకు తాత దీవెనలు.

పేరు పైకి చెప్పితే ఆకు పని చెయ్యదు. మా తాత మా నాయనకు చెవిలో చెప్పినాడు, మా నాయన నా చెవిలో చెప్పినాడు. నువ్వు చెక్క మీద చెక్కిస్తానంటావు. కట్టేదుంటే పేర్లు లేకుండా కట్టు. లేకుంటే మందియ్యడానికి చింతచెట్టు కింద బండ చాలు నాకు.

మారెప్ప

తా.క. యాభై ఏండ్ల కాపురంలో మీ పాపక్క అవ్వకే చెప్పలేదు. జ్వరమొస్తే కండ్లు మూసుకొని మింగుతుంది, తరువాత నన్ను తిడుతుంది.

*

బెంగళూరు,
1-7-2004

తాతా,

పేర్లు వద్దు. అంకెలు వేస్తాను. ఏ అంకెలో ఏముందో మీకొక్కరికే తెలుస్తుంది. సార్‌ను ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. ఆఫీసులో నేను ఇంత మాట్లాడటం ఇదే మొదలు.

మోహనప్రియ

తా.క. వేర్లు ఏవో, ఆకులు ఏవో చెప్పినా చాలు. సొరుగుల లోతు తేల్చుకుంటాను.

*

పెరియంపట్టి,
9-7-2004

పాపా,

అంకె కూడా పేరే. రేపు జనమొచ్చి ‘ఏడో నంబరు ఇయ్యి తాతా’ అంటారు. నంబరు చెప్పి మాత్ర కొనే అంగడి పాపారపట్టిలో ఉంది, అక్కడికే పోనీ.

మారెప్ప

తా.క. లోతు అన్నిటికీ ఒకటే పెట్టు. ఒకటి లోతెక్కువైతే దాంట్లో ఉండేది ఆకు కాదు, వేరని మీ అవ్వ కనిపెట్టేస్తుంది.

*

బెంగళూరు,
20-7-2004

తాతకు,

పేర్లు లేవు, అంకెలు లేవు, లోతు ఒకటే. ప్లాను అలాగే సార్ బల్ల మీద పెట్టాను. ఇదేమిటన్నారు. “వాడే మనిషికి తెలుసు సార్. నాకు తెలియాల్సిన పని లేదు. సెల్వకుమార్‌కు ఇస్తే ఇచ్చుకోండి, పేర్లు మాత్రం నేను అడగను” అన్నాను. ఆయన ప్లాను దగ్గరికి లాక్కుని సంతకం చేశారు.

మోహనప్రియ

తా.క. పది సొరుగులు తగ్గించమన్నారు. ఒక్కటి కూడా తగ్గించనన్నాను.

*

పెరియంపట్టి,
3-11-2005

నా కోసం నిలబడిన పాపకు,

ఇల్లు లేచి ఆరు నెలలైంది. వాన పడితే చెక్క వాసన, ఆకు వాసన కలిసి వస్తాయి. హరూర్ నుంచి కూడా జనమొచ్చి, నలభై సొరుగులు చూసి దండం పెడతా ఉన్నారు.

నా దగ్గరుండే మందులు మూడే.

నీ మొదటి ఉత్తరానికే చెప్పాల్సింది. ఎన్ని అని చెప్పినా సగం చెప్పినట్టే కదా. తరువాత నువ్వు ఒక్కటి కూడా తగ్గించలేదని రాసినావు. ఇంకేం చెప్పేది.

పోయిన వారం మీ అవ్వ సొరుగులు తుడుస్తా చూసింది. నలభై పిడుల్లో మూడే చెయ్యి తగిలి తగిలి మాసి నల్లబడినాయి. ఆ మూడూ తెరిచి, వాసన చూసి, మూడు పేర్లూ నా మొగం మీదే చెప్పింది. నేను యాభై ఏండ్లు దాచింది నీ చెక్క ఆరు నెలల్లో చెప్పేసింది. మిగతా ముప్పైయేడింటిలో ఇప్పుడు రాగులు, ఉలవలు పోసుకొంది.

మీ తాత మారెప్ప

తా.క. నిన్న పక్కింటి మారిముత్తుకు జ్వరమొస్తే మీ అవ్వే పేరు చెప్పి మరీ ఇచ్చింది. ఈ పొద్దున్నే లేచి చేనికి పోయినాడు. ఈ మాట మాత్రం ఎవరికీ చెప్పొద్దు.