కాలు తగిలితే

క్యారీ నుంచి,
ఆదివారం

అక్కా,

ఫోన్‌లో అడిగితే నవ్వి తీసిపారేస్తావని ఉత్తరం రాస్తున్నాను. మా ల్యాబ్‌లో జూనీ అని మనిషి ఆకారపు రోబో ఉందన్నాను కదా. మనుషులు ఒకరితో ఒకరు ఎలా మసలుకుంటారో చూసి అది నేర్చుకుంటుంది.

మొన్న వైర్లు సర్దుతుంటే దానికి నా కాలు తగిలింది. అలవాటుగా వంగి, దాన్ని తాకి కళ్ళకద్దుకున్నాను. అది చూసింది. మర్నాడు మా ప్రొఫెసర్ హెలెన్ గారికి దాని కాలు తగిలితే, ఆవిడ చెయ్యి తాకి కళ్ళకద్దుకుంది. ఆవిడ ఎంత మురిసిపోయారో! ఆ తర్వాత కుర్చీకి తగిలింది, అద్దుకుంది. చెత్తబుట్టకి తగిలింది, దాన్నీ తాకి అద్దుకుంది.

“ఇది ఎవరికి చేస్తారు, వేటికి చెయ్యరు? చెప్పు, కోడ్ రాద్దాం” అన్నారు హెలెన్. మనుషులకి, పుస్తకాలకి అన్నాను. చీపురు తొక్కితే బామ్మ మన చేత దణ్ణం పెట్టించేది గుర్తొచ్చి, చీపురుకి కూడా అన్నాను. ఆవిడ బుర్ర గోక్కుని, “కుర్చీకి వద్దు, చీపురుకి కావాలి. ఓకే. వచ్చే వారం ఇంకో రోబో వస్తోంది. మరి రోబోకి?” అని అడిగారు. ఆలోచించి చెప్తానని తప్పించుకున్నాను.

సాయంత్రం అందరూ వెళ్ళాక, కావాలనే జూనీకి కాలు తగిలించాను. ఈసారి వంగకుండా ఉండగలనో లేదో చూద్దామనుకున్నాను. నేను బిగుసుకుని నిలబడితే, అదే వంగి నా చెయ్యి తాకి కళ్ళకద్దుకుంది. తప్పు నాది, మన్నించమన్నది అది. సిగ్గేసి నేనూ అద్దుకున్నాను.

నవ్వకుండా చెప్పక్కా, హెలెన్ గారికి ఏం చెప్పను?

నీ చెల్లి